అనసూయ ప్రసూతి సెలవు

ముందే చెబుతున్నాను, ఇందులో నా తప్పు ఒక్కటే. తండ్రి పేరు గడిలో మా యజమాని పేరు రాశాను. మిగతా నిర్వాకమంతా కంపెనీదీ, చట్టానిదీ.

నా పేరు పానకాలరావు. మాది మంగళగిరి. ఇరవై ఆరేళ్ళు స్పిన్నింగు మిల్లులో మస్టరు రాశాను. మస్టరంటే హాజరుపట్టీ. మిల్లు మూతపడ్డాక హైదరాబాదొచ్చి తారాజువ్వ టెక్నాలజీస్ అనే కంపెనీలో చేరాను. ఇక్కడ నన్ను 'కంప్లయన్స్ లీడ్' అంటారు. కార్మిక చట్టం ప్రకారం ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉండాలో, గోడ మీద ఏ నోటీసు అంటించాలో చూసుకోవడం నా పని. అంటే మళ్ళీ మస్టరే, కాకపోతే ఏసీలో కూర్చుని.

ఎక్కడో ఎవరో కొన్న కుక్కరుకి మూత పట్టకపోయినా, మిక్సీ జారు పగిలి వచ్చినా, వాళ్ళు ఫోను చేసి తిడతారు కదా, ఆ తిట్లకు జవాబు చెప్పడం మా కంపెనీ వ్యాపారం. జవాబు చెప్పేవి బాట్లు. అంటే మనిషిలాగా మాట్లాడే కంప్యూటరు ప్రోగ్రాములు. వాటిని బాట్లంటే మా యజమాని నిశ్చల్‌కి కోపం. ముప్పై మూడేళ్ళ కుర్రాడు, రోహిణి కార్తెలో కూడా టోపీ ఉన్న స్వెట్టరు వేసుకు తిరుగుతాడు. "వాళ్ళు డిజిటల్ సహోద్యోగులు, పానకాల్ గారూ" అంటాడు. ఒక్కోదానికి ఒక పేరు, ఒక ఫోటో, మెళ్ళో వేసుకునే ఐడీ కార్డు చేయించాడు. వాటికి మెడలు లేవు కనక కార్డులన్నీ నా బీరువాలో పెట్టించాడు. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఆడామగా సమానంగా ఉండాలని సరిగ్గా సగానికి ఆడపేర్లు పెట్టాడు.

అంతవరకూ బాగానే ఉంది. పిల్లలు బొమ్మలకు పేర్లు పెట్టుకోరూ? కానీ కిందటేడు ఒక పథకం వచ్చింది. నాలుగు వందల మందికి పైగా స్థానికులకు ఉద్యోగాలిచ్చిన కంపెనీకి కరెంటు చార్జీల్లో రాయితీ అట. నిశ్చల్ గంతులేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మనకి నాలుగొందల పన్నెండు మంది ఉన్నారుగా! రిటర్ను వేసేయండి."

"ఉన్నారు గానీ బాబూ, వాళ్ళు స్థానికులా?"

"సర్వరు ఇక్కడే, కోకాపేటలోనే ఉంది. ఇంతకంటే లోకల్ ఎవరుంటారండీ?"

సరే, యజమాని మాట. కార్మికశాఖ పోర్టల్లో ఒక్కొక్కరినీ ఎక్కించాను. తండ్రి పేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. పుట్టించినవాడే తండ్రి అనుకుని నాలుగు వందల పన్నెండు సార్లు నిశ్చల్ పేరు రాశాను. పుట్టిన తేదీ అడిగింది. వాటిని తయారుచేసింది కిందటి ఉగాదికి, ఆ తేదీయే వేశాను. ధన్యవాదాలు, మీ కార్మికులు నమోదయ్యారు అని వచ్చింది. రాయితీ కూడా వచ్చింది. ఆఫీసులో కేకు కోశారు, నాకు అంచు ముక్క పెట్టారు.

ఇకపోతే మూడో అంతస్తులో మనుషులున్నారు. అరవై మంది. కస్టమరు మరీ రెచ్చిపోతే బాటు "ఒక్క నిమిషం" అని చెప్పి ఫోను మనిషికి తగిలిస్తుంది. మిగిలిన తిట్లు తినేది వీళ్ళే. వీళ్ళు కంపెనీ వాళ్ళు కారు, ఒక ఏజెన్సీ పంపితే వచ్చినవాళ్ళు. ఆ ఏజెన్సీని అడిగితే ఇంకో ఏజెన్సీ పేరు చెబుతారు. రెండోదాన్ని అడిగితే మొదటిదాని పేరు చెబుతారు. మస్టరులో ఈ అరవైమందిలో ఒక్కరి పేరూ లేదు.

వాళ్ళలో స్వరూప అని తుంగతుర్తి పిల్ల ఉంది. ఒకరోజు టిఫిను వేళకి నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఆరో నెల.

"సారూ, నాకు సెలవు గావాలె. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది."

"ఏజెన్సీని అడగమ్మా."

"అడిగిన సారూ. కంపినోళ్ళు ఇయ్యాల్నన్నరు. ఈడ హెచ్చారు మేడమునడిగితె ఏజెన్సోళ్ళు ఇయ్యాల్నన్నది. బందు వెడితె పేరు గొట్టేస్తమన్నరు. ఆయనకు పని లేదు సారూ, యాక్సిడెంటైనకాన్నుంచి ఇంటికాన్నే ఉంటుండు." నేల చూస్తూ అంది. "మొదటి కాన్పు ఎనిమిదో నెలల పోయింది సారూ. బస్సులనే నొప్పులొచ్చినయి."

మస్టరు తెరిచాను. లేని పేరు కోసం వెతకడం ఏమిటో, అయినా మొదటి పేజీ నుంచీ వెతికాను. అనసూయ ఉంది, అరుంధతి ఉంది, స్వరూప లేదు. చూద్దాంలేమ్మా అని పంపించాను. చూద్దాం అనే మాటకు అర్థమేమిటో ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.

తరవాతి సోమవారం లేబర్ ఆఫీసరు వచ్చాడు. బొడ్డుపల్లి లింగమూర్తి గారు. చంకలో ఫైలు, జేబులో నాలుగు పెన్నులు. రికార్డు కోసం మాట్లాడేటప్పుడు గ్రాంథికం, మామూలప్పుడు జనగామ.

"సదరు సంస్థయందు నమోదిత కార్మికులు నాలుగు వందల పన్నెండు మంది కలరు. భౌతిక తనిఖీ నిమిత్తం వారిని హాజరుపరచవలసినది," అని చదివి, ఫైలు మూసి, "ఏరి? పిలువున్రి," అన్నాడు.

సర్వరు గదిలోకి తీసుకెళ్ళాం. నల్ల పెట్టెలు వరసగా, పచ్చ దీపాలు మిణుకు మిణుకుమంటూ ఉన్నాయి. పిచ్చిపని చేశారని తిట్టి, రాయితీ రద్దుచేసి పోతాడని నేను ఎదురుచూశాను. ఆయన గది నాలుగు మూలలూ తిరిగాడు.

"ఇంత ఇరుకుల నాలుగొందల మందిని వెట్టిన్రా? గాలి ఏది? వెలుతురేది?"

"అయ్యా, వీళ్ళు మనుషులు కారండీ," అన్నాను.

"మనుషులని చట్టంల యాడుంది? రిజిస్టర్ల పేరున్నోడు కార్మికుడు. పేరు మీరే రాసిన్రు, నేన్రాయలే." రిజిస్టరు తిప్పాడు. తండ్రి పేరు దగ్గర వేలు ఆగింది. నిశ్చల్ వంక చూశాడు. "అందరు మీ సంతానమేనా?"

నిశ్చల్ గర్వంగా తలూపాడు. "ఒక రకంగా అవును సార్."

"ఒక్కనాడే వుట్టిన్రా?"

"ఉగాది నాడండీ," అన్నాను.

"అది ఆరోగ్యశాఖ జూస్కుంటది. మాది కార్మికశాఖ." పుట్టిన తేదీ మళ్ళీ చూశాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మొహం ఎర్రబడింది. "పదకొండు నెలలు! నాలుగొందల పన్నెండు మంది బాలకార్మికులు!"

నిశ్చల్ స్వెట్టరు టోపీ నెత్తి మీదకి లాక్కున్నాడు. జైలు మాట కూడా వచ్చింది. చివరికి వయసు నిర్ధారణకి ప్రభుత్వ దంతవైద్యుణ్ణి పిలవాలని తేలింది. రూలు అంతే, కాగితం మీద నమ్మకం లేకపోతే పళ్ళు చూడాలి. పాపం ఆ డాక్టరు టార్చి పట్టుకుని నల్లపెట్టెల ముందు గంటన్నర నిలబడ్డాడు. సర్టిఫికెట్టు ఇలా ఇచ్చాడు: "పరీక్షించిన కార్మికులకు దంతములు లేవు. ఇంకనూ మొలవలేదో, రాలిపోయినవో చెప్పజాలను."

రెంట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. కంపెనీ లాయరు రాలిపోయినవే ఎంచుకున్నాడు. ఆ సాయంత్రమే నాలుగు వందల పన్నెండు మందినీ డెబ్భై ఒక్క ఏళ్ళవాళ్ళను చేశాను. తండ్రికి ముప్పై మూడు.

"బిడ్డలు తండ్రి కన్న ముప్పై ఎనిమిదేండ్లు పెద్దోళ్ళైన్రు," అన్నాడు లింగమూర్తి గారు.

"ఏం చేయమంటారు?"

"ఏం లేదు. అది రెవెన్యూ శాఖ."

తరవాత ఆయన కార్మికుల్ని ఏకాంతంగా విచారించాలన్నాడు. యాజమాన్యం ఎదురుగా ఉంటే నిజం చెప్పరట. మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టి మైకు ముందు కూర్చున్నాడు. రెండు వందల ఏడో నంబరు, అనసూయ.

"అమ్మా అనసూయా, నీకేమన్న కష్టముంటె భయపడక చెప్పు."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను," అంది అనసూయ. "మీ సమస్య మాకు చాలా ముఖ్యం. దయచేసి మీ సమస్య చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల నా సమస్యేందని అడిగిన కార్మికురాలు ఈమె ఒక్కతే," అన్నాడు. అప్పట్నించీ ఆయనకి ఆ నల్లపెట్టెల మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టిన ఆఫీసరును పట్టడం ఎవరి తరం?

వారంలో పది నోటీసులు. తాగునీరు అందుబాటులో ఉండాలి, కుండ మీద 'తాగునీరు' అని కార్మికులకు తెలిసిన భాషలో రాసి ఉండాలి. వీళ్ళకెన్ని భాషలొచ్చని అడిగితే తొంభై ఆరన్నారు. ఒక్క కుండ మీద పట్టక రెండు కుండలు తెప్పించాను. అయిదు గంటల పనికి అరగంట విరామం. ఆదివారం సెలవు. ఇరవై అయిదు మంది ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి చొప్పున రెండు వందల ఆరుగురికి తొమ్మిది.

మరుగుదొడ్లకు జాగా ఎక్కడిది? మూడో అంతస్తులో ఆడపిల్లలు కాసేపు నడుం వాల్చే గది, దాని పక్కన వాళ్ళ బాత్రూములు కలిపి పడగొట్టారు. తొమ్మిది కట్టి, 'ఉద్యోగినులకు మాత్రమే' అని బోర్డు పెట్టి తాళం వేశారు. ఏజెన్సీ పిల్లలు ఉద్యోగినులు కారు కనక కింద మొదటి అంతస్తుకి పోవాలి. లిఫ్టుకి ఉద్యోగి కార్డు కావాలి. అది వాళ్ళకి లేదు. స్వరూప ఆ కడుపుతో పూటకు నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కేది. ఒకసారి మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడి ఉంటే చూశాను. నా కార్డు ఇచ్చి లిఫ్టెక్కమన్నాను. "మీకేమన్న ఐతది సారూ," అని తీసుకోలేదు.

ఒంటిగంటకి బాట్లకు విరామం. అరగంటసేపు ఫోన్లన్నీ మనుషుల మీదే పడేవి. ఆదివారం బాట్లకు సెలవు, మనుషులకి డ్యూటీ. నేను ఉండబట్టలేక లింగమూర్తి గారిని మూడో అంతస్తుకి తీసుకెళ్ళి చూపించాను. అరవై మంది చెవులకి మైకులు తగిలించుకుని క్షమాపణలు చెబుతున్నారు.

"అయ్యా, వీళ్ళని చూడండి. పని చేసేది వీళ్ళు."

ఆయన చూశాడు. చాలాసేపే చూశాడు. తరవాత రిజిస్టరు చూసుకున్నాడు. "వీళ్ళు రిజిస్టర్ల లేరు గద పానకాలరావు గారూ. లేనోళ్ళను నేనెట్ల జూడాలె?" గొంతు తగ్గించి అన్నాడు. "నాకు కనవడ్తలేరనుకోకున్రి. కనవడితె మెమో ఇస్తరు."

అసలు పిడుగు ఆయనొచ్చిన మూడో నెలలో పడింది. లింగమూర్తి గారు ప్రసూతి సెలవుల రిజిస్టరు అడిగాడు. ఇచ్చాను. తెల్లగా ఉంది.

"రెండు వందల ఆరుగురు స్త్రీ కార్మికులు. ఒక్క ప్రసూతి సెలవు గూడ మంజూరు గాలేదు. దీనినిబట్టి యాజమాన్యము సదరు హక్కును కాలరాయుచున్నదని భావించవలసి వచ్చుచున్నది." ఫైలు మూశాడు. "పది దినాలు టైం ఇస్తున్న. ఒక్కరన్న సెలవుల లేకపోతె కేసు. రాయితీ గూడ వాపస్."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వాళ్ళు ఈ కంపెనీని చూడకుండానే ఆ మాట ఎలా అన్నారో గానీ, నిశ్చల్ నా గదిలోకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పానకాల్ గారూ, వాళ్ళకి డెబ్భై ఒక్క ఏళ్ళని చెప్పచ్చుగా?"

"చెప్పాను బాబూ. చట్టంలో పై వయసు రాయలేదన్నారు."

"పోనీ ప్రెగ్నెన్సీ ఫీచరు డెవలప్ చేయిస్తే? టీముకి రెండు వారాలు పడుతుంది."

"పది రోజులే ఇచ్చారు. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, ఆయన వచ్చి కళ్ళారా చూస్తారట."

కుర్రాడు తల పట్టుకున్నాడు. మిల్లులో ఇరవై ఆరేళ్ళూ ఒక్క దొంగ హాజరు వెయ్యలేదు నేను. ఒక్కటంటే ఒక్కటి. "బాబూ, పైన స్వరూప అని ఒక పిల్ల ఉంది," అన్నాను.

"ఏజెన్సీ మనిషికి సెలవా? ఇంపాజిబుల్! ఒక్కరికిస్తే అరవై మందీ అడుగుతారు."

"మనిషికి ఇవ్వమనడం లేదు. అనసూయకి ఇవ్వండి. జీతంతో ఇరవై ఆరు వారాలు. రికార్డులో ఎక్కడా మనిషి ఉండదు."

నిశ్చల్ తల ఎత్తాడు. "మనిషి ఉండదా?"

"ఉండదు."

"అయితే ఓకే," అన్నాడు. మొహంలోకి రంగొచ్చింది.

స్వరూపకి చెబితే ముందు నమ్మలేదు, తరవాత భయపడింది. "దొంగతనమైతదేమో సారూ," అంది. "నీ సెలవు నువ్వు తీసుకుంటున్నావమ్మా, పేరొక్కటే అద్దెది," అన్నాను. బీరువా తెరిచి రెండు వందల ఏడో నంబరు కార్డు తీసి మెళ్ళో వేశాను. ఆ కార్డులకు అదే మొదటి మెడ. ఫోటోలో తెల్లటి సన్నటి పిల్ల నవ్వుతోంది. దాని కింద స్వరూప ఎనిమిదో నెల పొట్ట.

లింగమూర్తి గారు వచ్చారు. నిశ్చల్ లేచి నిలబడ్డాడు. నేను నరసింహస్వామికి మొక్కుకున్నాను, ఈ గండం గట్టెక్కితే పానకం పోస్తానని. ఆయన కార్డు చూశాడు. మొహం చూశాడు. రిజిస్టరు చూశాడు.

"అనసూయవా?"

"అవును సారూ."

"డెబ్భై ఒకటేండ్లు?"

స్వరూప నా వంక చూసింది. ఆయన చూపు ఆమె పాదాల మీద పడింది. చెప్పుల్లో పట్టకుండా వాచి ఉన్నాయి. ఆయన తన కుర్చీ ఇటు లాగాడు.

"కూసో బిడ్డా," అన్నాడు. తరవాత గొంతు సవరించుకుని, "కార్మికురాలు స్వయముగా, అధికారి సమక్షమున, పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకొనవలెను," అన్నాడు.

కంప్యూటరు ముందు కూర్చోబెట్టి సెలవు పేజీ తెరిచాను. బాట్ల సెలవులన్నీ వాటంతటవే పోయేవి, ఆ పేజీని చేత్తో తెరిచినవాళ్ళు అంతవరకూ లేరు. నంబరు కొట్టింది, తేదీలు కొట్టింది, డాక్టరు చీటీ ఎక్కించింది. అట్టడుగున ఒక చిన్న చదరపు గడి వచ్చింది. పక్కన రాసి ఉంది: నేను రోబోను కాను.

స్వరూప చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"సారూ, గిది పెట్టాల్నా?"

నిశ్చల్ మొహం పాలిపోయింది. పెడితే ఆ పిల్ల మనిషి. మనిషైతే రిజిస్టరులో లేదు, లేనిదానికి సెలవు లేదు. పెట్టకపోతే, అధికారి ఎదురుగా, కడుపులో బిడ్డను పెట్టుకుని తను మనిషి కాదని ఒప్పుకోవడం. లింగమూర్తి గారు లేచి మూలకి పోయాడు. మాకు వీపు పెట్టి, కుండల మీద 'తాగునీరు' అని ఎన్ని భాషల్లో రాసి ఉందో పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

"వదిలెయ్యమ్మా," అన్నాను.

"అవద్ధమాడినట్టు గాదా సారూ?"

"నువ్వేమీ చెప్పడం లేదు తల్లీ. గడి ఖాళీగా ఉంది, అంతే."

ఆమె ఎడం చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఏం కదిలిందో, పెదవి కొరుక్కుంది. గడి వదిలేసి కింద బటను నొక్కింది. తొంభై ఆరు దాకా లెక్కపెట్టి లింగమూర్తి గారు ఇటు తిరిగేసరికి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చి ఉన్నాయి. అనసూయ గారూ, మీ సెలవు మంజూరైనది. రెండు క్షణాలు పట్టింది. ఈ రెండు క్షణాల పనికి ఆ పిల్ల ఎన్ని నెలలు తిరిగిందో తలుచుకుంటే ఒళ్ళు మండింది నాకు.

అయిదు వారాల తరవాత మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"సారూ, ఆడివిల్ల. నెలలు నిండినంకనే అయింది. ఏడ్సింది సారూ, గట్టిగ ఏడ్సింది." తనూ ఏడుస్తోంది. "అనసూయని పేరు వెట్టినం. ఆమె సెలవు మీదనే గద వుట్టింది."

నేనేం మాట్లాడానో గుర్తులేదు. కళ్ళు తుడుచుకుని ఫోను పెట్టేశాను. మంగళగిరి పోయి మొక్కు తీర్చుకోవాలి. దానికి రెండు రోజుల సెలవు కావాలి, కానీ మస్టరులో నా పేరు కూడా లేదు. నేను కన్సల్టెంటునట. చేరిన రోజే ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నేనే చదవలేదు.

గది బయట వరస లిఫ్టు దాకా పోయింది. యాభై తొమ్మిది మంది. నా బీరువాలో ఇంకా నాలుగు వందల పదకొండు కార్డులున్నాయి, ఒకటి నాకు పక్కన పెట్టుకున్నాను. ముందున్న కుర్రాడు పచ్చకామెర్లతో కళ్ళు పసుపు కొమ్ముల్లా పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పేజీ తెరిచాడు, వివరాలు నింపాడు. అడుగున గడి రాగానే అలవాటుకొద్దీ మౌసు అటు పోనిచ్చాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"టిక్కు పెట్టకు నాయనా. మనిషివని తెలిస్తే సెలవివ్వరు."